షేడ్లు విప్పారు, కూలి కోశారు

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం నిమ్మలకుంటలో ఒక ఇంటి వసారాలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా నాలుగు పెద్ద అట్టపెట్టెలు. నగరంలోని ఒక ఎగుమతిదారుకు పంపిన సరుకు తిరిగొచ్చింది. ఒక్కో పెట్టెలో ఒక్కో తోలు ల్యాంప్ షేడ్. మూడింటికి ఇనుప ఫ్రేము వంగిపోయింది, ఒకదానికి తోలు చిరిగింది. వెంట వచ్చిన కాగితంలో రెండే సంగతులు: దెబ్బతిన్న సరుకుకు డబ్బు రాదు, రానూపోనూ రవాణా ఖర్చు వీళ్ళ బాకీలో రాసుకున్నారు. ఆ ఇంటి పెద్దమ్మ ఒక పెట్టెలోకి తొంగిచూసి, "లోపలంతా గాలే గదమ్మా ఉండేది! గాలికి గూడా చార్జీ ఏస్తారా?" అంది.

వేస్తారు. ఎలా వేస్తారో ఆ సాయంత్రం ఆమె మనవరాలి నోటుబుక్కులో లెక్క కట్టి చూపించాను. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. ఒక షేడ్ పట్టే పెట్టె అన్నివైపులా 45 సెంటీమీటర్లు. గుణిస్తే 91,125. భాగిస్తే 18 కిలోలు దాటుతుంది. కాటాలో పెడితే పెట్టెతో సహా రెండు కిలోలు లేదు. తక్కిన పదహారు కిలోలూ గాలి.

నిమ్మలకుంట తెలియని వాళ్ళకోసం రెండు మాటలు. ఇది ధర్మవరం దగ్గరి ఊరు. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. తోలుబొమ్మలాట కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఆటలు తగ్గిపోయాక అవే చేతులు మేకతోలుతో ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాయి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ ఏ ఇంటికి వెళ్ళి చూసినా తోలు నానబెట్టి వెంట్రుక తీసేచోట, గీకి ఆరబెట్టేచోట, ఉలితో చుక్కలు కొట్టేచోట, రంగు నింపేచోట, ఫ్రేముకు కుట్టేచోట ఆడవాళ్ళు కనిపిస్తారు. ఆటలు ఆడే రోజుల్లోనూ సీత గొంతు వాళ్ళదే. బేరం మాట్లాడేచోట మాత్రం కనబడరు. ఫోన్ నంబరు మగవాళ్ళది, బ్యాంకు ఖాతా మగవాళ్ళది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెట్టెలు తిరిగొచ్చిన కొన్ని నెలలకు అదే ఎగుమతిదారు ఒక డిజైనర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇకమీదట షేడ్లు విడిభాగాలుగా కావాలన్నాడు. పైన ఆరు మూలల రింగు ఒకటి, కింద ఒకటి, మధ్యలో నిలబెట్టే ఆరు కడ్డీలు, విడివిడిగా ఆరు తోలు పలకలు, బిగించడానికి తోలు పట్టీలు. అన్నీ పడుకోబెట్టి పలచటి పెట్టెలో పెడితే కొన్నవాళ్ళే ఇంటి దగ్గర బిగించుకుంటారు. పెట్టె 42, 42, 8. లెక్క కడితే 3 కిలోల లోపు. ఇదివరకటి చార్జీలో ఆరోవంతు కూడా కాదు.

ఈ ఆలోచన మంచిదే. నేను దీనికి వ్యతిరేకిని కాను. సరుకు విరగదు, ఇంట్లో జాగా కలిసొస్తుంది. రెండు గదుల ఇంట్లో ముప్పై షేడ్లు పేర్చుకుని పిల్లల్ని వసారాలో పడుకోబెట్టే బాధ తప్పుతుంది. నా అభ్యంతరం ఆ తర్వాత అతను అన్న మాట మీద. "కుట్టే పని లేదు కాబట్టి కుట్టుకూలి తీసేస్తున్నాను" అన్నాడు. షేడ్‌కి ఇచ్చే డబ్బులో దాదాపు మూడోవంతు అలా పోయింది. ఆ మూడోవంతు ఆడవాళ్ళ పని కిందికే వస్తుంది.

నిజంగా పని తగ్గిందా? మేము నలుగురు స్త్రీలతో కలిసి పది షేడ్లకు గంటలు రాసి చూశాం. పాత పద్ధతిలో తోలును కాస్త తడిపి ఫ్రేము మీద సాగదీసి కుడతారు. ఆరేకొద్దీ అది బిగుసుకుంటుంది. అక్కడక్కడ కొలత రవంత తప్పినా తోలు సర్దుకుపోతుంది. విడిభాగాల షేడ్‌కి ఆ వెసులుబాటు లేదు. ఆరు పలకలూ ఒకే కొలతలో ఉండాలి. అంచు వెంబడి బెజ్జాలు పక్క పలక బెజ్జాలకు సరిగ్గా ఎదురుపడాలి. ఒక్కటి తప్పితే ఎక్కడో తెలియని ఊళ్ళో, ఎప్పుడూ తోలు ముట్టుకోని మనిషి దాన్ని బిగించలేక వెనక్కి పంపేస్తుంది. అందుకని అట్టతో కొలత ముక్క చేసుకోవాలి, పలకలకు వెనక అంకెలు వెయ్యాలి, అన్నీ ఒకసారి బిగించి చూసి మళ్ళీ విప్పాలి. పలకలు వంగకుండా బరువు కింద ఆరబెట్టాలి. పట్టీలు ఒకే పొడుగున కోసి కట్టలు కట్టాలి. మధ్యమధ్య కాగితం వేసి సర్దాలి. మా పుస్తకంలో తేలిందేమంటే, కుట్టడంలో మిగిలిన సమయమంతా ఈ పనులకే పోయింది, పైన ఇంకో గంట పట్టింది. అంటే పని పోలేదు. దాని పేరు పోయింది. పేరు లేని పనికి కూలి ఉండదని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. వంటింట్లో రోజూ చూస్తున్నదే.

డిజైనర్ అమ్మాయి మీద నాకు కోపం లేదు. చదువుకున్నది, మర్యాదస్థురాలు. కానీ ఆమె వచ్చిన రెండు రోజులూ మగవాళ్ళతోనే మాట్లాడింది. ఆడవాళ్ళు టీలు అందించారు. ఆమె గీసిన మొదటి నమూనాలో పలకలకు ఇనుప క్లిప్పులు ఉన్నాయి. వానాకాలం రాగానే తోలు తేమ పీల్చి సడలింది, క్లిప్పులు జారాయి. ఎండకు మళ్ళీ బిగుసుకుని రెండు పలకలు క్లిప్పు దగ్గర చీలాయి. పచ్చితోలు కాలాన్ని బట్టి కదులుతుందని ఆ ఇంట్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అడిగినవాళ్ళు లేరు.

దారి చూపించింది పెద్దమ్మే. తోలుబొమ్మను తీసి మా ముందు పరిచింది. భుజం దగ్గర, మోచేతి దగ్గర, నడుము దగ్గర బొమ్మ ముక్కలు విడివిడి. దారపు ముడితో కలిపి ఉంటాయి. ముడి వదులుగా ఉంటే చెయ్యి ఊగిపోతుంది, బిగుతుగా ఉంటే కదలదు. "రామాయణమంతా ఒగ పెట్టెలో ఏసుకుని ఊరూరూ తిరిగినోళ్ళం మేము. ముక్కలు జేసి సర్దేది మాకు నేర్పిస్తారా?" అని నవ్వింది. క్లిప్పు బదులు తోలు పట్టీతో అదే ముడి వేసింది. తేమకు తోలు సాగితే ముడి సర్దుకుంటుంది, ఎండకు బిగిస్తే కాస్త వదులిస్తుంది. విప్పాలంటే ఒక్క కొస లాగితే చాలు. అంటే ఈ షేడ్‌ని నిలబెడుతున్నది ఆ ముడి. అది ఆమెది, వాళ్ళమ్మది, వాళ్ళవ్వది. ఎగుమతిదారు కేటలాగులో డిజైనర్ పేరుంది.

విడిపోయే దీపాలు ప్రపంచానికి కొత్త కాదు. జపాన్‌లో గిఫు పట్టణంలో వెదురు బద్దలతో, కాగితంతో మడిచిపెట్టుకునే లాంతర్లు తరతరాలుగా చేస్తున్నారు. ఇసాము నొగుచి అనే శిల్పి 1951లో ఆ ఊరు వెళ్ళి, ఆ పనితనం చూసి 'అకారి' దీపాలు రూపొందించాడు. చదునుగా మడిచి పంపేవి కాబట్టి ఎంత దూరమైనా వెళ్ళాయి. ఆయన గొప్పవాడే. అయితే లోకానికి తెలిసింది ఆయన పేరు. బద్దలు చుట్టి కాగితం అంటించే వాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారు? స్వీడన్ కంపెనీ ఐకియా గురించి ఒక కథ చెబుతారు. 1950ల్లో అక్కడి ఉద్యోగి ఒకాయన బల్ల కారులో పట్టకపోతే కాళ్ళు ఊడదీశాడట. అక్కడినుంచి బిగించే పని కొన్నవాళ్ళ నెత్తిన పెట్టి, మిగిలిన ఖర్చులో కొంత ధర తగ్గించి కంపెనీ పెద్దదయింది. ఫ్యాక్టరీలో యంత్రం కోసే చెక్కకు ఆ లెక్క వేరు. చేత్తో బెజ్జం కొట్టే మేకతోలుకు అదే లెక్క వేస్తే యంత్రం చెయ్యాల్సిన పని ఆడదాని కళ్ళు చేస్తాయి, అంతే తేడా.

మిత్రులొకరు అడిగారు: "రవాణా చవకైతే అమ్మకాలు పెరుగుతాయి, ఆర్డర్లు పెరిగితే కూలి దానంతటదే పెరగదా?" పెరగొచ్చు. కానీ తగ్గించిన రేటు మీద పెరిగే ఆర్డర్లంటే ఎక్కువ గంటలు తక్కువ కూలికి చెయ్యడం. మిగిలిన పదిహేను కిలోల గాలి చార్జీ ఎవరి జేబులోకి వెళ్ళింది? ఈ ప్రశ్నకు జవాబు రాకుండా అమ్మకాల గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

చట్టం ఏమంటుందని కార్యకర్తలు అడుగుతారు. ఇంటి దగ్గర పనిచేసే వాళ్ళకు ఇతర కార్మికులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది. దాని వెనక మన అహ్మదాబాద్ 'సేవ' సంస్థ స్త్రీల కృషి ఎంతో ఉంది. మన ప్రభుత్వం మాత్రం దాన్ని ఆమోదించలేదు. భౌగోళిక గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది, పీసు రేటును కాపాడదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద ఒక వస్తువు రూపాన్ని నమోదు చేసుకుంటే పదేళ్ళు, ఆపైన మరో ఐదేళ్ళు హక్కు ఉంటుంది. ఆ హక్కు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి. తయారీ పద్ధతికి అది వర్తించదు, కంటికి కనిపించే రూపానికే. కాబట్టి ముడి ఎవరూ నమోదు చేసుకోలేరు గానీ, ముడులు బయటికి కనిపించేలా ఉన్న ఆ షేడ్ రూపాన్ని ఎవరైనా ముందుగా తమ పేర పెట్టేసుకునే ప్రమాదం ఉంది. కొత్త నమూనా తయారైతే తేదీ వేసి ఫొటోలు తీసి ఏదో ఒకచోట అచ్చు వేయించడం మంచిది. ఒకసారి అందరి ముందుకు వచ్చిన రూపాన్ని కొత్తదని నమోదు చేసుకోవడం కుదరదు. తమ పేరనే నమోదు చేసుకోవాలని ఆ స్త్రీలు అనుకుంటే మాత్రం వరస మారుతుంది, ముందు దరఖాస్తు, తర్వాతే అచ్చు. ఈ తేడా తెలియక తొందరపడి ఫొటోలు పంచిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మన సంస్థల సంగతీ చెప్పుకోవాలి. 'డిజైన్ వర్క్‌షాపు' అనగానే నగరం నుంచి మనిషిని తీసుకొస్తాం, బ్యానర్ కడతాం, నివేదికలో ఎంతమంది స్త్రీలు హాజరయ్యారో రాస్తాం. హాజరైన స్త్రీలు ఆ రోజు కూలి పోగొట్టుకున్నారని రాయం. కొలత మార్చే హక్కు, 'ఇది తోలుకు పనికిరాదు' అనే హక్కు వాళ్ళకు ఉందో లేదో రాయం. నేనే రాసిన నివేదికలు మూడు నా దగ్గర ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ముడి ఊసు లేదు.

ఈమధ్య ఆ నలుగురు స్త్రీలూ కూర్చుని ఒక కాగితం రాయించారు. అందులో పెద్ద మాటలేం లేవు. కొలత కోయడం, బెజ్జం కొట్టడం, బిగించి చూసి విప్పడం, సర్దడం, ఒక్కోదానికి రేటు వేరుగా రాయాలి. రవాణాలో మిగిలిన దాంట్లో సగం పీసు రేటులో కలపాలి. దారిలో విరిగితే పంపించినవాళ్ళ బాధ్యత, చేసినవాళ్ళది కాదు. డబ్బు పని చేసిన మనిషి ఖాతాలోనే పడాలి. పెట్టెలో పెట్టే బిగించే విధానం కాగితం మీద, 'ముడి వేసినవారు' అని వాళ్ళ పేర్లు ఉండాలి. ఈ చివరిదాని దగ్గర ఇళ్ళల్లో కొంచెం గొడవైంది. ఒకామె భర్త, "ఇంటి పేరు చాలదా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు, కాగితం మీద వేలిముద్ర వెయ్యబోతున్నదల్లా ఆగి, పెన్ను తీసుకుని సంతకం చేసింది.

విదేశాల ఆర్డరుకు ఇంకో చిక్కు ఉంది, దాన్నీ వాళ్ళే పట్టుకున్నారు. మన హోల్డర్లకూ యూరప్ హోల్డర్లకూ రంధ్రం కొలత ఒకటి కాదు, పై రింగులో రెండిటికీ సరిపోయే బిళ్ళ ఒకటి వేరుగా పెట్టాలి. ఆ బిళ్ళకు కూడా రేటు రాయమన్నారు. ఎగుమతిదారు నుంచి ఇంకా జవాబు రాలేదు. నలభై షేడ్ల ఆర్డరు ఆగి ఉంది, తోళ్ళు ఆరి సిద్ధంగా ఉన్నాయి. పలకల కొలత అట్ట పెద్దమ్మ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. రేట్లు కాగితం మీద పడేదాకా తియ్యనంటోంది.