నోటిఫికేషన్ రాని కొలువులు

పసుపు గాయాన్ని మాన్పుతుందని మన ఇళ్ళల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అమెరికా పేటెంట్ ఆఫీసుకు మాత్రం చెప్పాల్సి వచ్చింది. 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలోని ఇద్దరు శాస్త్రవేత్తలు ఇదే గుణం మీద అక్కడ పేటెంటు పుచ్చుకున్నారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) అభ్యంతరం చెప్పింది. ‘మా నాయనమ్మ పెట్టేది’ అంటే పేటెంట్ ఆఫీసులో చెల్లదు, కాగితం మీద చూపించాలి. సంస్కృతంలో, ఉర్దూలో, హిందీలో ఉన్న పాత రాతలు, 1953 నాటి ఒక వైద్య పత్రికలోని వ్యాసం సహా 32 ఆధారాలు బల్ల మీద పెట్టాక 1997లో ఆ పేటెంటు రద్దయింది.

పసుపు గొడవతో కేంద్ర ప్రభుత్వానికి ఒక సంగతి అర్థమైంది. పేటెంటు వచ్చిన ప్రతిసారీ పేటెంట్ ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు, పేటెంట్ పరిశీలకుడు వెతికితే దొరికేలా మన వైద్య గ్రంథాలను ముందే సర్దిపెట్టుకోవాలి. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ అలా పుట్టింది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి తెచ్చారు. అనువాదం ఒక్కటే అయితే ఆ పోగు ఎవరికీ పనికొచ్చేది కాదు. ఏ మొక్క, ఏ జబ్బుకు, ఏ రూపంలో అని విడదీసే వర్గీకరణ ఒకటి తయారు చేశారు. అంతకుముందు అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణలో మందుమొక్కలన్నిటికీ కలిపి ఒకే ఒక్క ఉపవర్గం ఉండేది. ఇప్పుడు అవి దాదాపు రెండు వందలు. ఒకే అరలో కుక్కి ఉన్న సమాచారాన్ని రెండు వందల అరల్లోకి సర్దడం అచ్చంగా లైబ్రేరియన్ చేసే పని.

ఇంత పని చేయగల గ్రంథాలయ శాస్త్రాన్ని మన రాష్ట్రాల్లో ఒకే ఒక కిటికీలోంచి చూస్తున్నారు. బీలిబ్ చేశావా, అయితే ఎంలిబ్ చెయ్యి, ఆపైన నోటిఫికేషన్ కోసం ఎదురుచూడు. ఆ కిటికీలో కనిపించేది తీసిపారేయదగ్గదేమీ కాదు. కేంద్రీయ విద్యాలయ లైబ్రేరియన్‌కు ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. 55 శాతం మార్కులతో ఎంలిబ్ ఉండి నెట్ గట్టెక్కినవారు విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరితే యూజీసీ స్కేలు 57,700తో మొదలు. ఆ పోస్టులు ఎన్ని ఉన్నాయి, ఎన్నేళ్ళకొకసారి పడతాయి అన్నదే బాధ.

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల గ్రంథాలయ సెస్సు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం కడుతూనే ఉన్నారు. పురపాలక సంఘాలూ పంచాయతీలూ వసూలు చేసిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. లైబ్రేరియన్ రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానైనా ఉంటుంది, లేదా ఔట్‌సోర్సింగ్ మనిషితో నడుస్తుంది. ఆ ఖాళీలు నింపమని ప్రభుత్వాలను అడగాల్సిందే. అడుగుతూ కూర్చున్న పిల్లల వయసు మాత్రం ఆగదు. ఈలోగా వాళ్ళు నేర్చుకున్న పనికే, మరో పేరుతో, పక్కవీధిలో జీతాలిస్తున్నారు.

హైదరాబాద్ ఫార్మా రంగాన్నే చూడండి. ఐరోపాలో మందు అమ్ముకునే కంపెనీ, తన మందు వల్ల ఎక్కడైనా ఎవరికైనా చెడు జరిగినట్టు వైద్య పత్రికల్లో వచ్చిందేమోనని కనీసం వారానికొకసారి పద్ధతి ప్రకారం వెతికి తీరాలి. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ నిబంధన అది. ఈ వెతుకులాటలో కొంత భాగం మన నగరంలోని ఆఫీసుల్లో జరుగుతోంది. చూడ్డానికి తేలికగానే ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు డేటాబేస్ తెరిచి ‘పారాసిటమాల్’ అని కొడతాడు, వేల వ్యాసాలు వస్తాయి, పని అయిపోయిందనుకుంటాడు. అదే మందును అమెరికాలో ‘ఎసిటమినోఫెన్’ అంటారు. ఆ పేరుతో మాత్రమే రాసిన వ్యాసాలు అతని జాబితాలోకి రాకపోవచ్చు. బ్రాండు పేరుతో రాసినవి మరికొన్ని ఉంటాయి. ‘లివర్ దెబ్బతినడం’ అన్న ఒక్క మాటకు వైద్యులు రాసే రూపాలు డజను పైనే. వీటన్నిటినీ ‘లేదా’తో గుదిగుచ్చి, మందు పేర్ల గుంపునూ జబ్బు పేర్ల గుంపునూ ‘మరియు’తో ముడివేసి, అక్కర్లేనివి రాకుండా కత్తిరించాలి. ఒక్క పేరు వదిలేస్తే ఒక రోగి కేసు తప్పిపోతుంది.

ఈ చిక్కు విప్పడానికే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960 నుంచి వైద్య విషయ శీర్షికల పట్టిక నడుపుతోంది. ఆ గ్రంథాలయపు వైద్య వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌లో మామూలు మాటల్లో ‘హార్ట్ ఎటాక్’ అని అడిగినా ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అన్న శీర్షిక కిందికి తీసుకెళ్ళేది ఆ పట్టికే. మూడున్నర కోట్లకు పైగా ఉల్లేఖనాలున్న చోట ఈ దారి చూపే పని లేకపోతే డాక్టరు చేతికి ఏదీ అందదు.

శీర్షికల పట్టికలూ, పర్యాయపదాల నియంత్రణా, ‘లేదా–మరియు’ తర్కమూ ఎంలిబ్ సిలబస్‌లో ఉన్నవే. అయినా ఆ ఆఫీసుల్లో కూర్చునేది ఎక్కువగా బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివినవాళ్ళు. మందుల సంగతి తెలిసినవారు కావాలనడంలో న్యాయం ఉంది. అయితే బీఎస్సీలో రసాయన శాస్త్రమో జీవశాస్త్రమో చదివి ఎంలిబ్ చేసిన పిల్లలు మన విశ్వవిద్యాలయాల్లో తక్కువేం లేరు. వాళ్ళు ఆ తర్కాన్ని పదిహేను మార్కుల వ్యాసరూప ప్రశ్నకు జవాబుగా బట్టీ పడుతున్నారు, అసలు డేటాబేస్ ముందు కూర్చుని ఒక్క వెతుకులాటైనా పూర్తిగా చేయకుండానే పట్టా పుచ్చుకుంటున్నారు. పేటెంట్ సంస్థలదీ ఇదే తీరు. ఒక కొత్త ఆవిష్కరణ నిజంగా కొత్తదేనా అని పాత పత్రాలన్నీ తవ్వి చెప్పేవారు వాటికి కావాలి, మన లైబ్రరీ సైన్స్ శాఖల వైపు అవి తొంగిచూసిన దాఖలాలు తక్కువ.

మన దేశంలో ఈ శాస్త్రం ఎదుగుదలలోనే, వేరే రంగం మనిషి ఇటు మళ్ళిన మలుపు ఒకటి ఉంది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా వేసుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ అసలు గణితం మాస్టారు. ఆ ఉద్యోగం ఆయనకు మొదట్లో పరమ విసుగనిపించింది, వెనక్కి పంపేయమని బతిమాలుకున్నారట. శిక్షణకు లండన్ వెళ్ళాక మనసు మారింది. అక్కడి దుకాణంలో, విడి ముక్కలు బిగించి రకరకాల బొమ్మలు చేసే మెకానో సెట్టు చూసి, పుస్తకం విషయాన్నీ అలా విడి ముక్కలుగా చేసి కూర్చవచ్చన్న ఊహ తట్టిందంటారు. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణ ఆ ఊహ ఫలితమే. ఇవాళ ఆన్‌లైన్ దుకాణంలో చీర కొనే ఇల్లాలు రంగు ఒక పక్క, ధర ఒక పక్క, నేత ఒక పక్క టిక్కు పెట్టి జాబితా కుదించుకుంటోందంటే, ఆ పద్ధతి మూలాలు రంగనాథన్ దగ్గరే ఉన్నాయి. ఆ టిక్కు పెట్టెల వెనక ఏ వస్తువుకు ఏ లక్షణాలు రాయాలి, గద్వాలనూ వెంకటగిరినీ ఏ గూటిలో వేయాలి అని తేల్చేవాళ్ళను కంపెనీలు ‘టాక్సానమిస్టు’ అంటున్నాయి.

సెర్చ్ ఇంజిన్లు ఎంత బాగా పనిచేస్తున్నాయో కొలిచే పద్ధతికి పునాది వేసింది కూడా ఒక లైబ్రేరియనే. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్ ఏరోనాటిక్స్ కాలేజీలో పనిచేసిన సిరిల్ క్లెవర్డన్, 1950ల చివర్లోనూ 60ల్లోనూ కొన్ని పత్రాలు, కొన్ని ప్రశ్నలు తీసుకుని, ఏ ప్రశ్నకు ఏ పత్రం పనికొస్తుందో ముందే గుర్తు పెట్టించి పరీక్షలు నడిపాడు. వచ్చిన వాటిలో పనికొచ్చేవి ఎన్ని, పనికొచ్చేవాటిలో వచ్చినవి ఎన్ని అన్న ఆ రెండు లెక్కలే ఇప్పటికీ పరిశోధకుల నోళ్ళలో ప్రెసిషన్, రీకాల్.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇక వెతకడం ఎందుకు అనేవాళ్ళు న్యూయార్క్ లాయర్ల ముచ్చట గుర్తు చేసుకోవాలి. ఏవియాంకా విమాన సంస్థ మీద వేసిన దావాలో వాళ్ళు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. అలాంటి తీర్పులు లోకంలో లేవు. 2023 జూన్‌లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఆ తరవాత కంపెనీలు, ముందు తమ పత్రాల్లోంచి సరైనవాటిని వెతికి తెచ్చి, వాటి ఆధారంగానే యంత్రం జవాబు చెప్పే పద్ధతి మీద మరింత మొగ్గాయి. తెచ్చిన పత్రం తప్పయితే జవాబూ తప్పే. పత్రాలకు పేర్లు, తేదీలు, విషయాలు సరిగ్గా రాసిపెట్టేవారి అవసరం దీనితో పెరిగింది.

అసలు మనవాళ్ళకు పోటీ లేని పని ఒకటి ఇంటి ముంగిట్లోనే ఉంది. అది తెలుగు. పాశ్చాత్య సూచీకరణ అలవాటు ప్రకారం పేరులో చివరి మాట ఇంటిపేరు. ఆ లెక్కన శ్రీరంగం శ్రీనివాసరావు ‘రావు’ కింద చేరి, వేలమంది రావుల మధ్య ఎక్కడున్నాడో తెలియకుండా పోతాడు. శ్రీశ్రీ అని వెతికినవాడికీ శ్రీరంగం అని వెతికినవాడికీ ఒకే మనిషి దొరకాలంటే ఎవరో ఒకరు ఆ పేర్లన్నిటినీ ఒక దండగా కట్టాలి. ఆరుద్ర, ఆత్రేయల సంగతీ అంతే. తిరుపతి వేంకట కవులను ఒకరిగా రాయాలా ఇద్దరిగా రాయాలా? గ్రంథాలయమా, గ్రంధాలయమా? రామాయణము అని అచ్చయిన పుస్తకం రామాయణం అని కొడితే వస్తుందా?

ఇవి చాదస్తపు ప్రశ్నలనుకుంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ చూడాలి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. పేర్లు మాత్రం రోమన్ లిపిలో, ఎక్కించినవారికి తోచిన వర్ణక్రమంలో చేరాయి. పుస్తకం ఉంది, అడిగితే రాదు. తరవాత తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ జాబితాలను తెలుగు లిపిలోకి తెచ్చే పని కొంత తలకెత్తుకున్నారు. స్కానింగ్ యంత్రాలకు పెట్టిన ఖర్చులో పిసరంత సూచీకర్తలకు పెట్టి ఉంటే ఆ అవస్థ తప్పేది.

కాలేజీల్లోనూ కొత్త పని వచ్చిపడింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం ఒకే చందా’ పథకానికి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు 6,300 పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతాయి. గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది. కొన్న పత్రికల్లోంచి తనకు కావలసిన వ్యాసం తీసుకోవడం పరిశోధక విద్యార్థికి నేర్పే మనిషి లేకపోతే, ఇంత డబ్బూ తాళం తీయని బీరువాలో పోసినట్టే.

తెలుగునాట విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ చదువు కొత్తదేమీ కాదు. 1935లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కవి అబ్బూరి రామకృష్ణారావు పూనికతో డిప్లొమా మొదలైంది. 1959లో ఉస్మానియాలో శాఖ వచ్చింది. ఇప్పుడు ఈ శాఖలు రెండు మూడు పనులు చేయవచ్చు, వాటికి కొత్త చట్టమూ కొత్త భవనమూ అక్కర్లేదు. ఎంలిబ్ చివరి సెమిస్టర్‌లో ‘పాఠకుల సంతృప్తి సర్వే’ లాంటి అరిగిపోయిన ప్రాజెక్టులు మాని, ఒక్కో విద్యార్థి చేత వంద పాత తెలుగు పుస్తకాలకు పక్కా సూచీ చేయించాలి, పేర్ల దండలతో సహా. కోహా, డీస్పేస్ లాంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు ఉచితమే, విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లోనే ఎక్కించుకుని నేర్చుకోవచ్చు. ఫార్మసీ, న్యాయశాస్త్ర శాఖలతో కలిసి ఒక పేపరు పెట్టి, అసలు డేటాబేస్‌ల మీద పరీక్ష నడపాలి. ఇంకా లోతుకు వెళ్ళదలచినవారికి 1962లో రంగనాథన్ బెంగళూరులో నెలకొల్పిన డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ (డీఆర్‌టీసీ) ఉంది. అది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భాగం, ఆ సంస్థ ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. ఆ పరీక్షకు ఏటా దరఖాస్తులు పిలుస్తారు, గ్రూప్–4 నోటిఫికేషన్ కోసం పేపర్లు తిరగేసే పిల్లలు ఆ ప్రకటన కోసం కూడా ఓ కన్నేసి ఉంచాలి.