మాటల్ని వక్రీకరించారట!

"నా మాటల్ని మీడియా వక్రీకరించింది." మన నాయకుల నోట్లో ఇంతగా అరిగిపోయిన వాక్యం ఇంకొకటి ఉండదేమో! ఆడవాళ్ళ గురించి నోటికొచ్చినట్టు మాట్లాడతారు. మర్నాడు పేపర్లలో వస్తుంది. మహిళా సంఘాలు రోడ్డెక్కుతాయి. సాయంత్రానికల్లా ఈ వాక్యం వినిపిస్తుంది. దానికి తోడుగా ఇంకో మాట కూడా వస్తుంది, "మన సంస్కృతి" అని. తనకు స్త్రీలంటే ఎంతో గౌరవమనీ, మన సంస్కృతిలో స్త్రీ దేవత అనీ చెప్పి చేతులు దులుపుకుంటారు. ఈ రెండు మాటల మధ్య మన అసలు సమస్య ఎక్కడ మాయమైపోతోందో ఈ సంచికలో మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

2017 ఫిబ్రవరి నాటి సంగతి తీసుకుందాం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమంలో 10 నుంచి 12వ తేదీ దాకా జాతీయ మహిళా పార్లమెంటు జరిగింది. స్త్రీల సాధికారత కోసమని దాన్ని తలపెట్టింది అప్పటి శాసనసభ స్పీకరు కోడెల శివప్రసాదరావు. సభలకు ముందు విలేకరుల సమావేశంలో ఆయన ఒక పోలిక తెచ్చారు. కారు కొని ఇంట్లో ఉంచుకుంటే ప్రమాదం జరగదు, రోడ్డెక్కితేనే ప్రమాదం, వేగం పెరిగేకొద్దీ ఇంకా ప్రమాదం. అలాగే ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉన్నంతకాలం వివక్ష తప్ప వేరే బాధ ఉండదు, చదువుకీ ఉద్యోగానికీ వ్యాపారానికీ బయటికొస్తేనే వేధింపులు, అత్యాచారాలు, కిడ్నాపులు ఎదురవుతాయి. ఇదీ ఆ పోలిక సారాంశం. దేశమంతా దుమారం రేగింది. తన మాటల్ని వక్రీకరించారనీ, ప్రమాదాల్ని ఎదుర్కొనే ధైర్యం ఆడవాళ్ళకి రావాలన్నదే తన ఉద్దేశమనీ ఆయన వివరణ ఇచ్చారు. ఆయన 2019 సెప్టెంబరులో చనిపోయారు. చనిపోయిన మనిషిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ వివాదం నుంచి మనం నేర్చుకోవలసింది ఇంకా మిగిలే ఉంది.

అదేమిటంటే, మాటా తప్పే, కత్తిరింపూ తప్పే. ధైర్యం గురించిన ముక్కను వదిలేసి కారు ముక్కనే తిప్పి తిప్పి చూపించడం నిజాయితీ కాదు. అలాగని కారు ముక్కను లోపలి పేజీలో దాచేసి, సభల వైభవాన్ని మొదటి పేజీ నిండా పరచడం కూడా నిజాయితీ కాదు. నాయకుడు ఏమన్నాడో మొత్తం మన ముందు పెడితే తీర్పు మనమే చెప్పుకోగలం. మొత్తం విన్న తర్వాత కూడా నాకు ఆ పోలిక మారలేదు. కారుకి యజమాని ఉంటాడు. తాళం ఆయన దగ్గర ఉంటుంది. ఎప్పుడు బయటికి తీయాలో, ఎంత వేగంతో నడపాలో ఆయనే నిర్ణయిస్తాడు. ఆడవాళ్ళ గురించి మాట్లాడుతుంటే అలాంటి వస్తువే ఎందుకు గుర్తొచ్చింది? అది నోరు జారడం కాదు, మనసులో పాతుకుపోయిన భావజాలం. దాన్ని ఏ మీడియా వక్రీకరించనక్కర్లేదు.

అదే మహిళా పార్లమెంటుకి బయల్దేరిన ప్రతిపక్ష ఎమ్మెల్యే రోజాని ఫిబ్రవరి 11న గన్నవరం విమానాశ్రయంలోనే పోలీసులు అదుపులోకి తీసుకుని, సభకి వెళ్ళనివ్వలేదు. ఇల్లు దాటిన ఆడమనిషికి దారిలో అడ్డొచ్చింది ఆకతాయిలు కాదు, ప్రభుత్వమే!

ఇక ఇల్లు క్షేమమన్న మాట. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కలు చూడండి. దేశంలో స్త్రీల మీద నేరాలుగా నమోదైన కేసుల్లో అన్నిటికంటే పెద్ద వాటా, 31 శాతానికి పైగా, భర్తా అతని బంధువులూ పెట్టిన హింసదే. అంటే షెడ్డులో పెట్టిన కారుకే ఎక్కువ దెబ్బలు తగులుతున్నాయి! కుటుంబ సలహా కేంద్రాల్లో పనిచేసే మీకు ఈ లెక్క నేను చెప్పాలా?

మా చోడవరం చుట్టుపక్కల ఏ ఆడది ఇంట్లో కూర్చునే స్థితిలో ఉంది? మొన్నమొన్నటి దాకా విశాఖ జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ప్రాంతం మాది. జిల్లా పేరు మారింది గానీ ఆడవాళ్ళ పొద్దు మారలేదు. చెరకు తోటల్లో కూలికి పోయేవాళ్ళు, బెల్లం వండే చోట పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకి తెల్లవారకుండానే బస్సెక్కే ఆడపిల్లలు. వీళ్ళంతా బయటికొస్తేనే ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతుంది. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి, అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ ప్రాంగణంలో ఉన్న సీడ్స్ కంపెనీలో విషవాయువు పీల్చి వందలాది మంది మహిళా కార్మికులు ఆస్పత్రుల పాలయ్యారు. ప్రమాదం అంటే అదీ. అది వాళ్ళు ఇల్లు దాటినందుకు వచ్చింది కాదు, పనిచేసే చోట వాళ్ళ ప్రాణానికి విలువ లేనందుకు వచ్చింది. సంస్కృతి గురించి ఉపన్యాసాలిచ్చే నాయకులు ఆ ఆడపిల్లల ఊపిరి గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చారు?

ఇది ఒక్క నాయకుడి జబ్బు, ఒక్క పార్టీ జబ్బు అనుకుంటే పొరపాటు. 2011 డిసెంబరు చివర్లో అప్పటి డీజీపీ దినేష్ రెడ్డి, అత్యాచారాలు పెరగడానికి ఆడవాళ్ళ ఫ్యాషన్ దుస్తులు కూడా కారణమన్నారు. ఆయన రాజకీయ నాయకుడు కూడా కాదు, చట్టాన్ని కాపాడవలసిన అధికారి. 2012 డిసెంబరులో, ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం మీద దేశం అట్టుడుకుతుంటే, మన పక్క జిల్లా విజయనగరానికి చెందిన అప్పటి పీసీసీ అధ్యక్షుడు బొత్స సత్యనారాయణ, స్వాతంత్ర్యం అర్ధరాత్రి వచ్చినంత మాత్రాన ఆడవాళ్ళు అర్ధరాత్రి తిరగాలా అన్న ధోరణిలో మాట్లాడారు. 2016 మార్చిలో ఒక సినిమా వేడుకలో తెలుగుదేశం ఎమ్మెల్యే బాలకృష్ణ ఆడవాళ్ళ గురించి చేసిన వ్యాఖ్యలకి హాలంతా నవ్వింది. గొడవయ్యాక ఆయన విచారం వెలిబుచ్చారు. జెండాల రంగు వేరు కావచ్చు, ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి మాటా ఒక్కటే.

వీళ్ళు చెప్పే సంస్కృతి ఏది? మన ఎలమంచిలి దగ్గర ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు ఈ ప్రశ్న ఏనాడో వేశారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చేసిన 'కన్యాశుల్కం' పీఠికలో ఆయన ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు తీయించిన లెక్క అది. విశాఖ జిల్లాలో, మన్యం కాని ప్రాంతంలో, మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్ళిళ్ళు 1034 అని తేలింది. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళ వయసు అయిదేళ్ళు! ఆనాటి పెద్దమనుషులకి అది సంస్కృతే. అడ్డు చెప్పినవాళ్ళే సంస్కృతి నాశకులు. సంస్కృతి ఎప్పుడూ మారుతూనే వచ్చింది. మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఎదిరిస్తేనే మారింది. ఆ ఎదిరింపు కూడా మన సంస్కృతిలో భాగమే కదా! గురజాడ విగ్రహానికి దండ వేసి వచ్చి ఆడపిల్లల బట్టల మీద ఉపన్యాసం ఇచ్చేవాళ్ళకి ఇది గుర్తు చెయ్యాలి.

ఇప్పుడు పత్రికల సంగతికి వద్దాం. పత్రికలు మనకి చేసిన మేలు నేను మరిచిపోలేదు. 1992లో నెల్లూరు జిల్లాలో, దూబగుంట ఆడవాళ్ళ పేరుతో, సారా వ్యతిరేక ఉద్యమం రాజుకున్నప్పుడు 'ఈనాడు' దానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. పల్లెటూరి ఆడవాళ్ళ మాట అచ్చులో చూసి పక్క ఊరి ఆడవాళ్ళు లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించినప్పుడు మాత్రం, పెద్ద చర్చంతా ఖజానా గురించే. ఉద్యమం నడిపిన ఆడవాళ్ళ గడపకి మళ్ళీ వెళ్ళి మీరేమంటారని అడిగే ఓపిక ఎవరికుంది? మన ఉద్యమం వాళ్ళకి కావలసినప్పుడు వార్త, అక్కర్లేనప్పుడు కాదు.

ఆ తర్వాత చానళ్ళు వచ్చాయి. ఒక్కొక్క పార్టీకీ ఒక్కొక్క పత్రిక, ఒక్కొక్క చానల్ అన్నట్టు తయారైంది. 2021 నవంబరు 19న శాసనసభలో తన భార్యను అవమానించారని చంద్రబాబు నాయుడు విలేకరుల ముందు కన్నీరు పెట్టుకున్నారు. అధికార పక్షం మేమలా అనలేదంది. చట్టసభలో పలికిన మాటకి కూడా రెండు రకాల నిజాలు ఇళ్ళల్లోకి ప్రసారమయ్యాయి. 2025 జూన్‌లో సాక్షి చానల్ చర్చలో ఒక విశ్లేషకుడు అమరావతి ఆడవాళ్ళందర్నీ కించపరిచే మాట అన్నాడు. మహిళలు మండిపడ్డారు, మండిపడాలి కూడా. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ఆందోళనలు కార్యాలయాల మీద దాడుల దాకా వెళ్ళాయి. ఆ మాట అనని చర్చ నిర్వాహకుడు, సీనియర్ పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావుని 9వ తేదీన అరెస్టు చేశారు. 13న సుప్రీంకోర్టు ఆయన్ని విడుదల చెయ్యమంది. నవ్వినంత మాత్రాన నేరమవుతుందా అని అడిగింది. అవమానాన్ని ఖండించడానికి మనం వెనకాడం. కానీ మన పేరు చెప్పి పాత్రికేయుల చేతికి సంకెళ్ళు వేస్తే ఒప్పుకోం. ఈరోజు వాళ్ళకి గిట్టని చానల్‌కి వేసిన సంకెళ్ళే రేపు మన కరపత్రానికి వేస్తారు.

ఆ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది. వేశ్యలు అన్న మాట అన్ని పార్టీల వాళ్ళకీ బూతుగానే వినిపించింది. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు కూడా ఈ రాష్ట్రంలో ఓటున్న ఆడవాళ్ళే. వాళ్ళ పేరుని తిట్టుగా వాడుకోవడం మీద ఏ నాయకుడూ నొచ్చుకోలేదు.

మా చోడవరం నుంచి మాడుగుల దాటి ఘాట్ రోడ్డెక్కితే పాడేరు వస్తుంది. అక్కడికి అవతల జి.మాడుగుల మండలంలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఆ ఊరి 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. విచారణ మొదలు కావడానికే సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసుల్నీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి, ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు! ఆ తీర్పు మీద మీ ఇంట్లో టీవీలో ఎన్ని రోజులు చర్చ నడిచిందో గుర్తు తెచ్చుకోండి. ఏ నాయకుడు కన్నీరు పెట్టుకున్నాడు? వాకపల్లి ఆడవాళ్ళు ఏ పార్టీ వాళ్ళూ కాదు. వాళ్ళ మానానికి రాజకీయ మార్కెట్లో ధర లేదు. సంస్కృతి గురించి, మీడియా నిజాయితీ గురించి ఎవరైనా మాట్లాడితే నేను పెట్టుకునే కొలబద్ద ఇదొక్కటే: వాకపల్లి గురించి ఏమన్నావు?

అందుకని సంఘాల్లో, సంస్థల్లో పనిచేసే మిత్రులందరికీ కొన్ని సూచనలు. ఎవరైనా ఆడవాళ్ళని కించపరిచారని వార్త రాగానే ధర్నాకి బయల్దేరకండి. ఒక్క గంట ఆగి పూర్తి మాటలు సంపాదించండి. కనీసం రెండు వేరు వేరు పత్రికలు చదవండి. మన ప్రకటనలో తప్పు మాటనీ ఖండిద్దాం, కత్తిరింపునీ ఖండిద్దాం. మనకి దగ్గరైన పార్టీ వాడు అన్నప్పుడు కూడా అంతే గట్టిగా రాద్దాం. ప్రతి మండల సంఘం ఒక రిజిస్టరు పెట్టుకుని, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారో రాసి ఉంచాలి. ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చదవాలి.

పత్రిక తప్పు రాస్తే ముందు సంపాదకుడికి ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి పంపండి. దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు పంపాలి. కౌన్సిల్ శిక్ష వెయ్యలేదు గానీ మందలించగలదు, ఆ మందలింపు రికార్డులో ఉంటుంది. టీవీ చానళ్ళ విషయంలో 2021 జూన్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం ముందు చానల్‌కే ఫిర్యాదు చెయ్యాలి, వాళ్ళు 15 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఆ పైన వాళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్ళాలి. మహిళా కమిషన్‌ని కూడా అడగాలి. అధికార పార్టీ నాయకుడికీ ప్రతిపక్ష నాయకుడికీ ఒకే తొందరతో నోటీసులిస్తున్నారా లేదా అని ఏటా లెక్క అడగాలి.

మన కోపం మన సొంతం. దాన్ని ఏ పార్టీకీ ఏ చానల్‌కీ అద్దెకివ్వవద్దు. రిజిస్టర్లు ఈ వారమే మొదలుపెట్టండి. మీరు రాసినవి మాకు పంపితే, పూర్తి మాటలతో, ఒక్క అక్షరం కత్తిరించకుండా వచ్చే సంచికలో వేస్తాం. అప్పుడు కూడా వక్రీకరించారంటారేమో చూద్దాం.