బొమ్మ చూశాము, కాగితం చూడలేదు



పోయిన వేసవిలో మాకు ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసిన ఆయన ఒక పల్లె సంఘంలో పెద్ద, మిరప రైతు. ఆయన కుమారునికి చిన్ననాటి నుండి బొమ్మలు వేయడం వచ్చు. సండేస్కూలు గోడ మీద నోవహు ఓడ వేసింది అతడే. క్రిస్మస్ నాటకానికి ఏటా తెర వేసేదీ అతడే. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకలేదు. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని అమెరికాలోని ఒక చిన్న ప్రచురణ సంస్థకు బొమ్మలు వేసి పంపుతున్నాడు. రెక్కల సర్పాలు, ఒంటికన్ను రాక్షసులు, కత్తి పట్టిన వీరులు. అన్నీ బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఒక ఆట పుస్తకాల కోసమట. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తోటి పెద్ద ఒకాయన అతని ఫోనులో కొమ్ముల మృగం బొమ్మ చూసి, "ఏరా అబ్బాయ్, మన గోడ మీద ఓడ వేసిన చేత్తోనే దీన్నీ వేశావా?" అన్నారట. ఆ రోజు నుండి ఇంట్లో తల్లి ఏడుపు. "అయ్యగారూ, ఈ పని మాన్పించమంటారా, ఉండనివ్వమంటారా?" అని ఆ తండ్రి అడిగారు.

మేము వెంటనే జవాబు వ్రాయలేదు. ఆ ఆట సంగతి మాకూ తెలియదు. తెలియకుండా తీర్పు చెప్పడం ఈ పేజీలో లోగడ ఒకటి రెండుసార్లు చేసి సిగ్గుపడి ఉన్నాము.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అక్కడి నుండి బయటకు తెచ్చారు. మొదటిసారి అచ్చు వేసినవి వెయ్యి ప్రతులు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవారు తలొక పాత్ర అవుతారు. "నేను ఆ తలుపు తెరుస్తాను" అని ఒకరంటే, అది తెరుచుకుందో లేదో పాచిక తేలుస్తుంది. ఆ పాచికల్లో ఇరవై ముఖాలదీ ఒకటి ఉంది. పందెం డబ్బు ఉండదు. మన ఊళ్లలో బుర్రకథ చెప్పేవాడు మధ్యలో ఆగి, వినేవాళ్ల వైపు తిరిగి "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అలాటిదే.

కథంతా మాటల్లోనే నడుస్తుంది గనుక, ఆ మృగం ఎంత ఉంటుందో, ఆ కోట ఎలా ఉంటుందో చూపించడానికి పుస్తకంలో బొమ్మ కావాలి. మన అబ్బాయి పని అక్కడే.

పెద్దాయన భయం కొత్తది కాదు. 1980లలో అమెరికాలోని అనేక సంఘాలు ఇదే భయంతో ఈ ఆట మీద విరుచుకుపడ్డాయి. కుమారుణ్ణి పోగొట్టుకున్న ఒక తల్లి 1983లో దీనికి వ్యతిరేకంగా ఒక సంస్థనే స్థాపించింది. 1984లో ఈ ఆటను ఖండిస్తూ బొమ్మల కరపత్రం వచ్చి ఎన్నో చేతులు మారింది. కంపెనీ ఎంత జడిసిందంటే, 1989లో తెచ్చిన రెండవ కూర్పులో దయ్యాలు, పిశాచాలు అనే మాటలనే తీసివేసింది. తరువాత వాటినే వేరే పేర్లతో తిరిగి తెచ్చింది, అది వేరే సంగతి. ఆ ఆట వల్లనే పిల్లలు చనిపోయారని ఏ పరిశోధనా నిరూపించలేదు.

కొమ్ముల మాటకొస్తే, దానియేలు చూసిన నాలుగు మృగాల పటం మన సండేస్కూలు గదుల్లోనే వేలాడుతూ ఉంటుంది. ప్రకటన గ్రంథంలోని ఎర్రని ఘటసర్పానికి ఏడు తలలు, పది కొమ్ములు. 1498లో జర్మనీ దేశపు చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఆ గ్రంథానికి పదిహేను పెద్ద బొమ్మలు చెక్కాడు. నేటికీ వాటిని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అంతమాత్రాన ప్రతి బొమ్మా మంచిదేనని మేము అనడం లేదు. తన చేత్తో ఏది వేయకూడదో చిత్రకారుడు ముందే ఎరిగి ఉండాలి, అలాటి పని వస్తే వద్దనాలి. అతడు ఎవరికీ జీతగాడు కాదు గనుక అనవచ్చు కూడా. ఈ మాటే తండ్రికి వ్రాశాము.

అయితే డ్యూరర్ గురించి మరొక సంగతి మా మనస్సులో నిలిచిపోయింది. ఆ పుస్తకాన్ని ఆయన ఎవరికో అమ్మివేయలేదు. తానే అచ్చు వేయించి, తానే అమ్ముకున్నాడు. అప్పుడు మాకు తట్టింది. అబ్బాయి ఏం వేస్తున్నాడని అందరం అడిగాము. అతనికి కూలి ముట్టిందా అని ఎవరమూ అడగలేదు.

ఈ పని ఎలా జరుగుతుందో అబ్బాయినే అడిగి తెలుసుకున్నాము. ఆర్ట్ డైరెక్టరు అనే ఆమె నాలుగైదు వాక్యాలు పంపుతుంది: మంచు కొండ, ముసలి సర్పం, దాని ముందు దీపం పట్టిన చిన్న పిల్ల, అర పేజీ, ఫలానా తేదీకి కావాలి. అతడు మూడు చిన్న చిత్తు గీతలు పంపుతాడు. ఆమె ఒకటి ఎంచుతుంది. దాన్ని పెద్దది చేసి గీస్తాడు. ఆమె మార్పులు చెబుతుంది. చివరకు రంగులు. లేని మృగాన్ని గీయాలంటే ఉన్న మృగాలన్నీ తెలిసి ఉండాలట. సర్పం రెక్క భుజానికి ఎలా అతుకుతుందో చూడడానికి గబ్బిలం ఫోటోలు ముందు పెట్టుకుంటాడు. దాని చర్మం ముడతల కోసం తమ ఇంటి గేదె మెడను గంటసేపు చూశాడట. కవచం తోలు పట్టీలు ఎక్కడ బిగుస్తాయో తెలియక తండ్రి చేత మందు కొట్టే పంపు వీపున కట్టించుకుని ఫోటో తీశాడు. ఇది చదివి మేము నవ్వుకున్నాము. ఆ మిరప రైతు నేడు ఏదో దేశపు పుస్తకంలో సేనాధిపతి అయి నిలబడి ఉన్నాడు.

అలా పదకొండు బొమ్మలు వేశాడు. ఒక్కొక్కదానికి అయిదారు రోజులు, కొన్నిటికి పది. డబ్బు ఎంత వచ్చిందని అడిగితే ఇంకా రాలేదన్నాడు. ఎప్పుడు వస్తుందంటే తెలియదన్నాడు. అగ్రిమెంటు కాగితం పంపమన్నాము. రెండు పేజీల ఇంగ్లీషు. సంతకం చేశాడు గాని చదవలేదు. "ఛాన్సు పోతుందేమోనని భయపడ్డానండీ" అన్నాడు.

ఆ కాగితంలో ఏముందంటే, బొమ్మల మీద సమస్త హక్కులూ శాశ్వతంగా సంస్థవే. పుస్తకం అచ్చయి అమ్మకానికి వచ్చిన అరవై రోజులకు డబ్బు ఇస్తారు. అచ్చు కాకపోతే ఏమిస్తారో ఒక్క మాట లేదు. ఎన్ని మార్పులు అడిగినా చేయాలి. పుస్తకమేమో ఎనిమిది నెలలుగా వాయిదా పడుతూ ఉంది. కూలివాని కూలి ప్రొద్దు గుంకక ముందే ఇవ్వాలని ధర్మశాస్త్రంలో చదివిన మనకు, కోత కోసిన వానితో "బియ్యం అమ్ముడయ్యాక రా" అంటే ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు.

హక్కులన్నీ కొనుక్కోవడం ఆ వ్యాపారంలో మామూలే. అమెరికా కాపీరైటు చట్టం, 1976లో చేసినది, దీనికి హద్దులు పెట్టింది. బయటివాని చేత చేయించిన పని మొదటి నుండి సంస్థదే అనిపించుకోవాలంటే అలాగని కాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకం చేయాలి. అదీ చట్టం చెప్పిన కొన్ని రకాల పనులకే చెల్లుతుంది. మరొకటి, బొమ్మను అచ్చు వేసుకునే హక్కు వేరు, చేత్తో వేసిన అసలు పటం వేరు. హక్కు అమ్మినంత మాత్రాన పటం పోదు. అక్కడి చిత్రకారులు చాలమంది ఆ అసలు పటాలను ఆటల సంతల్లో అమ్ముకుని బ్రదుకుతారు. అలాటి సంత జెన్ కాన్, 1968లో లేక్ జెనీవాలోనే మొదలయింది, ఇప్పుడు ఇండియానాపోలిస్‌లో జరుగుతుంది. ల్యారీ ఎల్మోర్ అనే పేరుగల చిత్రకారుడు 1981 నుండి ఆ కంపెనీలో జీతానికి పని చేసి, 1987లో బయటకు వచ్చి సొంతాన నిలబడ్డాడు. కాని మన అబ్బాయి వేసేది కంప్యూటరు మీద. అసలు పటమే లేదు. అమ్ముకోవడానికి గోడకు తగిలించే ముక్క ఒక్కటీ మిగలదు. అందుచేత ఇలాటివారికి కాగితం మీది మాటే ఆస్తి.

ఇక్కడ డేవిడ్ ట్రాంపియర్ అనే ఆయన సంగతి చెప్పాలి. ఈ ఆటకు తొలినాళ్ల చిత్రకారుల్లో ఒకడు. 1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకానికి అట్ట బొమ్మ ఆయనదే. పెద్ద విగ్రహం, దాని కంటిలోని రత్నాన్ని పెకలిస్తున్న ఇద్దరు దొంగలు. ఆ ఆట ఆడినవారు నేటికీ ఆ బొమ్మను మరువలేదు. 'డ్రాగన్' అనే పత్రికలో ఆయన బొమ్మల కథ కూడ 1977 నుండి వచ్చేది. 1988లో కథ మధ్యలో ఆగిపోయింది. పంపిన చెక్కులు తెరవకుండానే తిరిగి వచ్చాయని చెప్పుకున్నారు. చనిపోయాడనుకున్నారు చాలమంది. 2002లో ఇల్లినాయ్ రాష్ట్రం కార్బన్‌డేల్ ఊళ్లో ఒక విద్యార్థి పత్రిక, రాత్రి పూట టాక్సీ నడిపే ఒక డ్రైవరును గురించి వ్రాసింది. పేరు, ఫోటో చూసి పాత అభిమానులు గుర్తుపట్టారు. ఆయనే. తిరిగి బొమ్మలు వేయమని అడిగినవారికి సుముఖంగా జవాబివ్వలేదు. చివరి రోజుల్లో జబ్బు చేసి, డబ్బుకు కటకటై, దాచుకున్న పాత పటాలు కొన్ని అమ్మడానికి ఒప్పుకున్నాడు. ఆ సంత జరగక మునుపే, 2014 మార్చిలో, 59 ఏండ్ల వయస్సులో కన్ను మూశాడు.

ఆయన మనస్సు ఎందుకు విరిగిందో మేము చెప్పబోము. అంత చేయి తిరిగినవాడు కుంచె వదిలి ఇరవై ఏండ్లకు పైగా దాని జోలికి రాకపోతే, ఆ ఇంట్లో ఎవరైనా కూర్చుని "ఏమయింది నాయనా?" అని అడిగి ఉంటారా అన్నదే మాకు తోచింది. మన అబ్బాయిని కూడ ఆ ఏడాది ఎవరూ అలా అడగలేదు. అడిగింది కొమ్ముల సంగతే.

కొత్త భయం మరొకటి వచ్చింది. మన పట్టణాల్లో ఫ్లెక్సీ వచ్చాక బోర్డులు వ్రాసే ఆర్టిస్టుల గతి ఏమయిందో మీరెరుగుదురు. ఇప్పుడు మాట చెబితే కంప్యూటరే బొమ్మ వేస్తున్నది. 2023లో ఈ ఆట పుస్తకమొకదానిలోనే కొన్ని బొమ్మలకు చిత్రకారుడు అలాటి సాయం తీసుకున్నాడని బయటపడి పెద్ద గొడవ అయింది. ఇప్పుడు ఆ ఆటను ప్రచురిస్తున్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ, తమకు వేసే చిత్రకారులు దాన్ని వాడరాదని నియమం చేసింది. చిన్న సంస్థలు ఎంతవరకు పాటిస్తాయో చూడాలి.

అబ్బాయి చేత మేము ఒక మెయిలు వ్రాయించాము. కోపం లేదు, బ్రతిమాలడం లేదు. పదకొండు బొమ్మలు, పంపిన తేదీలు, రావలసిన మొత్తం. ఇకమీదట పని మొదలుపెట్టేటప్పుడు సగం, అప్పగించిన ముప్పై రోజులకు సగం కావాలని, పుస్తకం ఆగిపోయినా చేసిన పనికి ఇంత అని ముందే వ్రాయాలని, రెండు మార్పులు దాటితే వేరే లెక్క అని. మూడు వారాలు జవాబు లేదు. ఆ మూడు వారాలు ఆ తల్లికి నిద్ర లేదు. "ఉన్నదీ పోగొట్టారు" అని మా మీద కోపం కూడ వచ్చిందని తండ్రి దాచకుండా వ్రాశారు. తరువాత ఆరు బొమ్మలకు డబ్బు వచ్చింది. అయిదింటికి ఇంకా రాలేదు. కొత్త షరతులకు ఆ సంస్థ ఒప్పుకోలేదు. మరొక సంస్థ ఒప్పుకుంది.

ఇంత వ్రాశాక మా సంగతి కూడ చెప్పకపోతే తప్పు. ఈ పత్రిక ముఖచిత్రాలకు, పిల్లల పేజీ బొమ్మలకు ఇన్నేండ్లలో మేము ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. "పరిచర్య కదా" అని అడిగి వేయించుకున్నాము, పేరు వేశాము, ఒక్కోసారి అదీ మరిచాము. వేసినవారిలో ఒకరు అద్దె కట్టలేక ఊరు మారారని ఆలస్యంగా తెలిసింది. పాత సంచికలు తిరగేసి పేర్లు వ్రాస్తున్నాము. మా వద్ద ఉన్నది తక్కువ, ఇవ్వవలసింది ఎక్కువ.

రాబోయే క్రిస్మస్ సంచికకు ముఖచిత్రం వేసిపెట్టమని ఈ అబ్బాయినే అడిగాము. సగం ముందుగా అడిగాడు, పంపాము. దానితో పాటు తెలుగులో అయిదు పంక్తుల కాగితం వచ్చింది. ఒక్కసారే అచ్చు వేసుకోవాలి, మళ్లీ వేస్తే మళ్లీ అడగాలి, కాగితం మీద వేసిన అసలు పటం తనకు తిరిగి రావాలి. క్రింద తండ్రి సాక్షి సంతకం. మేము రెండుసార్లు చదివి సంతకం చేసి పంపాము.