ఆగమమా, ఆదేశమా?

వ్యాకరణము చెప్పుకొని బ్రతికేవానికి మోటారు వాహనాల చట్టముతో పని యేమని పాఠకులు అడుగవచ్చును. మొన్నటి వేసవి వరకు నాకును పని లేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు గోదావరి జిల్లాలో భౌతికశాస్త్రము బోధిస్తున్నాడు. ఏటేటా వేసవి సెలవులలో మోటారు సైకిలు మీద దూరయాత్రలు చేయడము అతని అలవాటు. కొన్నేళ్లుగా ఆ యాత్రకు ఒక ప్రయోజనము కూడా చేర్చుకొన్నాడు. దారిలోని పల్లెలలో మకాము చేసి, పిల్లలను పోగుచేసి, దూరదర్శిని గొట్టములో నుండి చంద్రుని మీది గుంటలను, గురుగ్రహము చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలను చూపిస్తాడు. దూరదర్శిని, గుడారము, వంటసామాను సీటు వెనుక కట్టితే బండి తూలుతున్నది. అందుచేత వీధి చివరి వెల్డింగు షాపులో వారము రోజులు కూర్చుండి, ఇనుప ఆంగిళ్లతోను, పాత స్కూటరు చక్రాలతోను ఒక చిన్న ట్రైలరు చేయించుకొన్నాడు. దానికి వెనుక ఎఱ్ఱదీపాలు, మలుపు దీపాలు తానే అమర్చినాడు.

అరకు ఘాటు రోడ్డు ఎక్కకముందే తనిఖీ అధికారి ఒకరు అతనిని ఆపినారు. ట్రైలరు చుట్టూ ఒకమారు తిరిగి చూచి, "బాగానే కట్టారు మాస్టారూ! కాని దీనికి కాగితాలేవీ?" అన్నారట. కాగితాలు లేవు. అధికారి మర్యాదస్థుడు, జరిమానా వ్రాయక, దానిని విప్పి ఇంటికి పంపివేయుమన్నారు. ట్రైలరు, దానిలోని దూరదర్శిని, కిరాయి ఆటో మీద వెనుకకు పోయినవి. ఆ వేసవిలో ఆ కొండపల్లెల పిల్లలు చంద్రుని గుంటలు చూడలేదు.

అతడు తిరిగి వచ్చి నన్ను అడిగినది ఒకే ప్రశ్న: "మాస్టారూ, నేను చేసినది తప్పా?" చదివి చెప్పెదనన్నాను. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసము.

చట్టము మాట మొదట చూతము. 1988 నాటి మోటారు వాహనాల చట్టములో 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నమగునట్లు యజమాని తన వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో, కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యములో సుప్రీం కోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరము వచ్చిన సవరణ చట్టము, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధించవచ్చునన్నది. ఇక ట్రైలరు సంగతి. చట్టము చెప్పిన నిర్వచనములో "మోటారు వాహనము" అనే మాటలోనే ట్రైలరు ఇమిడి ఉన్నది. అనగా ఇంజను లేని ఆ ఇనుప పెట్టె కూడా చట్టము దృష్టిలో ఒక వాహనమే; రిజిస్ట్రేషను లేక రోడ్డెక్కరాదు. మోటారు సైకిలు ప్రక్కన కట్టే సైడుకారును మాత్రము ఆ చట్టమే మోటారు సైకిలులో భాగముగా లెక్కించినది. ఒక చక్రముతో ప్రక్కన నడిచేది బంధువు, రెండు చక్రాలతో వెనుక నడిచేది పరాయిది!

కనుక అధికారి తప్పు చేయలేదు. మరి నా శిష్యుడో? ఇచ్చట నాకు నా శాస్త్రమే దారి చూపినది. సంధి పాఠములో మనము పిల్లలకు రెండు మాటలు చెప్పుదుము. ఆగమము మిత్రుని వలె వచ్చి, ఉన్న అక్షరమును కదపక, ప్రక్కన చేరుతుంది. ఆదేశము శత్రువు వలె వచ్చి, ఉన్నదానిని త్రోసివేసి, దాని స్థానములో కూర్చుంటుంది. మోటారు సైకిలుకు జనము చేసే మార్పులన్నియు ఈ రెండు తరగతులలో ఇముడుతవి. సామాను పెట్టెలు, క్యారియరు, పెట్రోలు డబ్బా పెట్టుకొనే చట్రము, పొగమంచు దీపాలు, ట్రైలరు, ఇవి ఆగమాలు. సైలెన్సరు విప్పి మ్రోతగొట్టము బిగించడము, హెడ్‌లైటు తీసి కళ్లు పొడిచే దీపము పెట్టడము, నంబరు పలకను మార్చడము, ఇవి ఆదేశాలు. మొదటివి ప్రయాణికుని అవసరము నుండి పుట్టినవి; రెండవవి తరచుగా ఇతరుల చెవినీ కంటినీ బాధించే వేడుక నుండి పుట్టినవి. చట్టము పలుకుబడిలో రెండింటికీ పేరు ఒకటే: మార్పు.

ఆగమాలు ఊరక రాలేదు. మనాలి నుండి లేహుకు పోయే దారిలో తాండి వద్ద ఒక పెట్రోలు బంకు ఉన్నది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరములో ఉన్నదని అచ్చటి బోర్డు చాలకాలము యాత్రికులను హెచ్చరించినది. ఎత్తైన కనుమలలో బండి మామూలుకంటె ఎక్కువ పెట్రోలు త్రాగుతుంది. అందుచేత బుల్లెట్ల మీద పోయే యువకులు ఊరి వెల్డరు చేత చట్రాలు చేయించుకొని, ఇరుప్రక్కల డబ్బాలు కట్టుకొని బయలుదేరినారు. ఏళ్ల తరబడి ఇట్లు జరిగిన పిమ్మట, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ హిమాలయన్ అనే బండిని తెచ్చినది. పెట్రోలు డబ్బాలు తగిలించుకొనే చట్రమునకు ఆ బండి ముందు భాగములోనే చోటున్నది. వీధి వెల్డరు చేసినది కంపెనీ చేసినప్పుడు అది "అసలు స్వరూపము" అయినది!

ఈ కథ మనది మాత్రమే కాదు. జపానుకు చెందిన హోండా సంస్థ 1975లో గోల్డ్ వింగ్ అనే పెద్ద బండిని అమెరికాలో విడుదల చేసినది. దూరయాత్రకు తగిన ఇంజను ఉన్నది గాని, గాలి అడ్డు లేదు, సామాను పెట్టెలు లేవు. క్రెయిగ్ వెట్టర్ అనే అమెరికను రూపకర్త 1971 నుండియే విండ్‌జామర్ అనే పేరుతో గాలి అడ్డు తొడుగులు తయారుచేసి అమ్ముతున్నాడు. యజమానులు వానిని కొని బిగించుకొన్నారు, పెట్టెలు తగిలించుకొన్నారు, కొందరు ఇంటివద్దనే చేసిన ట్రైలర్లు కట్టుకొని ఖండము ఈ చివర నుండి ఆ చివరకు తిరిగినారు. 1980లో హోండా సంస్థయే తొడుగును, పెట్టెలను అమర్చి ఇంటర్‌స్టేట్ అనే రకమును అమ్మకానికి పెట్టినది. భాషలో లక్ష్యము ముందు పుట్టి లక్షణము తరువాత వచ్చినట్లే, యంత్రములోను వాడుక ముందు, నమూనా వెనుక. తయారీదారు గీచిన మొదటి చిత్రమే శాశ్వతమైన లక్షణమనడము, చిన్నయసూరి తరువాత తెలుగు మారరాదనడము వంటిది.

దేశములో చేతిపని చరిత్ర ఇంకను లోతైనది. సౌరాష్ట్రములో ఎన్‌ఫీల్డ్ ముందు భాగమునకు రెండు చక్రాల బండి కలిపి ఛకడా అనే వాహనమును చేసినారు. అమ్రేలీ జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయి జగాణీ 1994లో బుల్లెట్టు వెనుక చక్రము స్థానములో సేద్యపు పనిముట్లు బిగించి, "బుల్లెట్ సాంతీ" అనే దుక్కి యంత్రమును నిర్మించినాడు. వ్యాకరణము ప్రకారము ఇది ఆదేశమే. కాని ఎద్దులు దొరకని రైతుకు మిత్రుడైన ఆదేశము. కాబట్టి నా విభజన తుది తీర్పు కాదు, మొదటి జల్లెడ మాత్రమే.

ఆ జల్లెడను రెండవ వైపు నుండి కూడా పట్టవలెను. ఆగమమన్నంత మాత్రాన మేలే చేయునని లేదు. దీపాల సంగతి చూడుడు. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద అరువది వాట్ల దీపము అయిదు ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. రెండు దీపాలు పది. సన్నని తీగకు, ఫ్యూజు లేకుండ, వానిని తగిలించితే తీగ కాలి బండి దగ్ధము కావచ్చును. అంతకుమించిన దోషము ఎదుటివాని కన్ను చెదరగొట్టడము. ఎనిమిది మీటర్ల దూరములో నిలిచి ఉన్న మనిషి కన్ను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్నచో, ఆ కన్నును దీపము మిరుమిట్లు గొలుపరాదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెప్పుచున్నవి. మన రహదారుల మీద రాత్రి పూట నడిచే ఎవరైనను ఈ నియమము ఎంతగా అమలగుచున్నదో చెప్పగలరు. సైలెన్సర్ల మాట చెప్పనక్కర లేదు. హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరాలలో పోలీసులు వానిని రోడ్డు రోలరు క్రింద నలిపించిన దృశ్యాలు పత్రికలలో చూచినాము. ఆస్పత్రి ప్రక్క ఇంటిలో ఉండేవారికి ఆ దృశ్యము అన్యాయముగా తోచదు.

ట్రైలరు విషయములో ప్రమాదము కంటికి కనబడదు. ఎద్దుబండి తోలిన మన పెద్దలకు అది తెలుసును. బరువు ఇరుసుకు వెనుక ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి ఎద్దుల మెడలను పీకుతుంది. ముందు ఎక్కువైతే మెడలు వంగిపోతవి. ఇరుసు మీదుగా, కొద్దిగా ముందుకు మొగ్గేటట్లు బస్తాలు సర్దడము ఒక విద్య. మోటారు సైకిలు ట్రైలరుకును అదే సూత్రము: మొత్తము బరువులో సుమారు పదవ వంతు కొక్కెము మీద పడవలెను. వెనుక బరువు మించితే వేగములో ట్రైలరు పాము వలె మెలికలు తిరిగి బండిని పడవేస్తుంది. మోటారు సైకిలు మలుపులో ప్రక్కకు వంగుతుంది, ట్రైలరు వంగరాదు, కాబట్టి నడుమనున్న కొక్కెము కీలు మీద తిరిగేదై ఉండవలెను. బ్రేకు వేసినప్పుడు వెనుకనున్న బరువు ముందుకు త్రోస్తుంది గనుక ఆగే దూరము పెరుగుతుంది. వీనిలో ఏ ఒక్కటి తప్పినా పోయేది చేసినవాని ప్రాణము మాత్రమే కాదు, ఎదురుగా వచ్చే బస్సులోనివారి ప్రాణాలు కూడాను. "నా బండి, నా యిష్టము" అనే వాదము రోడ్డు మీద నిలువదు. ఇల్లు మనదైనను వీధి అందరిది.

అయితే కర్తవ్యమేమి? నిషేధము ఒక దారి. చూచి చూడనట్లు ఊరకుండుట మరొక దారి. మన దేశములో రెండును ఏకకాలమున నడుచుచున్నవి. పల్లెలో ఇష్టము వచ్చిన బండి తిరుగుతుంది, చెక్‌పోస్టు వద్ద మంచి బండి ఆగుతుంది. మూడవ దారి ఉన్నది: అంకెలు చెప్పడము. బ్రిటనులో మోటారు సైకిలుకు ట్రైలరు కట్టుకోవచ్చును. ఇంజను 125 సి.సి.కి మించినదై ఉండవలెను. ట్రైలరు వెడల్పు ఒక మీటరు దాటరాదు. దాని బరువు 150 కిలోలలో గాని, బండి బరువులో మూడింట రెండు వంతులలో గాని, ఏది తక్కువైతే దానికి లోబడి ఉండవలెను. బండి 180 కిలోలైతే ట్రైలరు 120 కిలోలకు మించరాదన్నమాట. బండి వెనుక ఇరుసు నుండి ట్రైలరు చివరకు రెండున్నర మీటర్లు హద్దు. హైస్కూలు పిల్లవాడు కూడా టేపు పట్టుకొని సరిచూడగల చట్టమిది.

మనకు ఇట్టి చట్టము చేయడము చేతకాదా? చేతనవును. 2020లో కేంద్ర రవాణా శాఖ ద్విచక్ర వాహనము మీద తేలికపాటి పెట్టె అమర్చుకొనుటకు కొలతలు నిర్ణయించినది: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటరాదు, వెనుక సీటు స్థానములో పెట్టె పెట్టితే వెనుక మనిషి కూర్చుండరాదు. ఇంతకంటె పెద్ద మేలు 2019 సవరణలోనే ఉన్నది. వికలాంగులు తమ వాహనమును తమకు అనువుగా ముందు మార్చుకొని, తరువాత రిజిస్ట్రేషను అధికారి అనుమతి పొందవచ్చునని, అయితే ఆ మార్పు నిర్ణీతమైన షరతులకు లోబడి ఉండవలెనని ఆ సవరణ చెప్పినది. స్కూటరు వెనుక చక్రమునకు ఇరుప్రక్కల చిన్న చక్రాలు వేయించుకొని ఉద్యోగాలకు పోయేవారిని మనమెల్లరము ఎరుగుదుము. ఏళ్ల తరబడి వీధి మెకానిక్కులు చేసిపెట్టిన ఆ ఉపకారమునకు చట్టము ఆలస్యముగానైనను తలుపు తెరచినది. మార్పులకు ప్రమాణాలు, షరతులు నిర్ణయించే అధికారమును కూడా ఆ సవరణ కేంద్రమునకు ఇచ్చినది. తలుపు ఉన్నది, గడియ తీయవలెను.

కొరతయగునది పరీక్షించేచోటు. వాహనాల నమూనాలను పరీక్షించుటకు పూణేలో ఏ.ఆర్.ఏ.ఐ., మానేసరులో ఐక్యాట్ ఉన్నవి. అవి కర్మాగారాలకు తగినవి. ఒక్క ట్రైలరు చేసుకొన్న బడిపంతులు పూణే పోగలడా? మన జిల్లాలలో పాలిటెక్నిక్కులు ఉన్నవి, ఐ.టి.ఐ.లు ఉన్నవి. వెల్డింగు అతుకు నిలుచునా, కొక్కెము మీద బరువు ఎంత, దీపము ఎంత ఎత్తునకు పడుతున్నది, బ్రేకు వేస్తే ఎన్ని మీటర్లలో ఆగుతున్నది, ఈ నాలుగు పరీక్షలు అచ్చటి అధ్యాపకులు, విద్యార్థులు చేయగలరు. వారి ధ్రువపత్రము ఆధారముగా రవాణా అధికారి అనుమతి ఈయవచ్చును, లేదా కారణము వ్రాసి నిరాకరింపవచ్చును. విద్యార్థికి విద్య వస్తుంది, చేతిపనివానికి గౌరవము వస్తుంది, రోడ్డు మీది జనానికి రక్షణ వస్తుంది. చాటున జరిగే పని వెలుగులోనికి వచ్చినప్పుడే దానిలోని దోషము బయటపడుతుంది.

నా శిష్యునికి చెప్పిన సమాధానము ఇది: "నాయనా, అవసరము గుర్తించడములో నీవు తప్పు చేయలేదు. పరీక్షకు నిలువని దానిని పదిమంది నడిచే త్రోవ మీదికి తేవడములో చేసినావు. పిల్లవాడు ఎంత బాగా చదివినా పరీక్ష వ్రాయనిదే మనము పై తరగతికి పంపుతామా?" అతడు కొంతసేపు ఊరకుండి, "పంపము మాస్టారూ. కాని వ్రాస్తానన్నవాడికి పరీక్ష పెట్టేవారుండాలి కదా!" అన్నాడు.

దానికి నా వద్ద సమాధానము లేదు. ఉండవలసినది నా వద్ద కాదు. ఆ ట్రైలరు ఇప్పుడు అతని వసారాలో, గోనెపట్టా కప్పుకొని ఉన్నది.