మోకాలికి బీమా లేదా?

బౌరంపేట్ చుట్టూ విల్లాలు లేచినా, మిగిలిన చెక్కల్లో మేము సేద్యం వదల్లేదు. వంగి నాట్లేసి, గొంతుక్కూర్చుని కలుపు తీసి మోకాళ్లు అరిగాయి. మాలో కొందరం ఆపరేషన్ చేయించుకున్నాం. నడక వచ్చింది, కింద కూర్చోవడం రాలేదు.

2017లో కేంద్రం కృత్రిమ కీలు ధరకు పరిమితి పెట్టింది, మంచిదే. కానీ తర్వాత వారాల తరబడి చేయించుకోవాల్సిన ఫిజియోథెరపీకి, మన బదులు పొలంలో దిగే కూలీలకు పైసలెక్కడివి?

2018లో వచ్చిన రైతుబీమా, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది. బతికి, వానాకాలమంతా మంచాన పడితే పైసా ఇవ్వదు.

మా డిమాండ్లు రెండే: మండలానికో ఫిజియోథెరపిస్టు, కోలుకునేదాకా నెలనెలా భృతి. రైతుబీమాలో చోటులేని కౌలుదార్లకు, కూలీలకు కూడా ఇవ్వాలి. పోయాక ఇచ్చే చెక్కుతోపాటు, లేచి నిలబడేదాకా ఆసరా కావాలి.