తీర్పరి పేరు దాచొద్దు
ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ వెయిట్‌లిఫ్టింగ్‌లో ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తే బరువు ఎత్తినట్టే. మంచు మీద జంటగా స్కేటింగ్ చేసే ఐస్ డాన్స్‌కి ఆ సుఖం లేదు. జంప్‌లతో, విసుర్లతో మార్కులు కొట్టే ఆట కాదది. స్కేటు అంచు మంచు మీద ఎంత లోతుగా ఒరిగింది, ట్విజిల్ అనే ఒంటికాలి తిరుగుడులో ఇద్దరూ ఒక్క లయలో సాగారా అన్నవి లెక్క. తప్పెటగుళ్లలో ఒక్క గజ్జె ముందు మోగినా ముందు వరుస ముసలాయన మొహం చిట్లిస్తాడే, అలాంటి చూపు కావాలి. అయితే ఆ ముసలాయన్ని ఊరంతా ఎరుగుదురు. 2002 సాల్ట్‌లేక్ ఒలింపిక్స్‌లో పెయిర్స్ స్కేటింగ్ పోటీలో రష్యన్లకు ఓటేస్తే ఐస్ డాన్స్‌లో ఫ్రెంచి జంటకు మేలు జరుగుతుందన్న బేరం కుదిరిందని గోలైంది. ఫ్రెంచి జడ్జిపై మూడేళ్ల వేటు పడింది. దానికి అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య కనిపెట్టిన మందులో ఒకటి చూడండి: ఏ మార్కు ఎవరు వేశారో దాచేయడం! దొంగ పడ్డాడని దీపం ఆర్పుకున్నట్టుంది. ఆ ముసుగు తీయడానికి 2016 దాకా పట్టింది. ఇప్పుడు ఒక్కో విన్యాసానికి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు, అందులో అత్యధికం, అత్యల్పం తీసేసి సగటు కడతారు. బాగుంది. కానీ తన దేశపు జంటకు మార్కులు వేసే కుర్చీలో ఆ దేశపు జడ్జిని కూర్చోనివ్వడం మాత్రం నాకు మింగుడుపడదు.