పులికాట్‌లో ఎవరి వంతు?

మొన్న మా విద్యార్థులతో పులికాట్ సరస్సుకు, తమిళనాడు వైపు ఒడ్డుకు వెళ్లాను. పిల్లలు ఫ్లెమింగోలను ఫోటోలు తీస్తున్నారు. నా చూపు ఇరుల స్త్రీల దగ్గర ఆగిపోయింది. బుట్టను నోట కరుచుకుని, నీళ్లలో వంగి, చేతులతో బురద తడిమి రొయ్యలు పడుతున్నారు. వల లేదు, పడవ లేదు.

అక్కడ 'పాడు' అనే పాత పద్ధతి ఉంది. రొయ్యలు బాగా దొరికే చోట్లను వంతులేసి పంచుకుంటారు. ఎవరూ ఎగబడరు, అందరికీ అందుతుందని పరిశోధకులు మెచ్చుకుంటారు. నిజమే. కానీ ఆ 'అందరూ' పట్టినవర్ కులపు మగవాళ్లే. దళితులకు, ఇరులకు అందులో వంతు లేదు.

పట్టినవర్లూ కష్టజీవులే. ఓడరేవు విస్తరణ మీద వాళ్లు పోరాడుతుంటే పక్కన నిలబడదాం. నిలబడే అడుగుదాం. పాత తెలుగులో పాడి అంటే న్యాయం. మన వంతు లేని పాడు ఏం పాడి?

జై భీమ్.